చెన్నై అపార్ట్‌మెంట్లో ఎన్ స్కేల్ రైలు: కేటో యూనిట్రాక్ పాయింట్ల కొనుగోలు, అమరిక, పనితీరు

జపాన్‌కు చెందిన కేటో సంస్థ ఎన్ స్కేల్ నమూనా రైళ్ళ కోసం తయారు చేసే యూనిట్రాక్ పట్టాల గురించి, అందులోనూ ముఖ్యంగా బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్ళించే నంబర్ 4, నంబర్ 6 పాయింట్ల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఒకే లైనుగా గుండ్రంగా తిరుగుతూ ఉండిన మా ఇంటి లేఅవుట్‌ను జంట లైన్లుగా మార్చి, ఒక లైను నుంచి రెండోదానికి బండిని దాటించే క్రాస్ ఓవర్‌నూ, బండి పక్కకు తప్పుకొని నిలిచే లూప్ లైనునూ చేర్చడానికి ఈ సామాను తెప్పించి అమర్చాను. అపార్ట్‌మెంట్లో కాపురముంటూ, రైలు నడిపిన తరువాత బల్లను రెండు భాగాలుగా విడదీసి మంచం కిందికి తోయవలసిన వారికి ఇంతకన్నా తగిన పట్టాలు నాకు కనబడలేదు. అయితే ఏ నంబరు పాయింటు, ఎడమదా కుడిదా, ఎక్కడ పడుతుంది అన్న సంగతిని కాగితం మీద మిల్లీమీటర్లలో తేల్చుకోకుండా ఆర్డరు పెట్టకూడదు. విదేశీ సరుకు మీద మన దగ్గర పడే సుంకాన్ని బట్టి చూస్తే, పనికిరాని ఒక్క ముక్క కొన్నా అది అక్షరాలా డబ్బు నీళ్ళపాలు చేసుకోవడమే.

మా లేఅవుట్ చెన్నై–గూడూరు లైన్లోని ఒక మధ్యరకం స్టేషన్‌ను దృష్టిలో పెట్టుకొని వేసినది. మద్రాసులో స్థిరపడిన తెలుగువాళ్ళం కాబట్టి సొంత ఊరికి వెళ్ళే దారి అదే. గుమ్మిడిపూండి దాటి, తడ, సూళ్లూరుపేట మీదుగా పోయే ఆ జంట లైన్లూ, పక్కన లూపులో ఆగి ఉండే గూడ్సు బండీ, దాన్ని దాటుకొని దూసుకుపోయే ఎక్స్‌ప్రెస్సూ నాకు చిన్నప్పటి నుంచీ కళ్ళకు కట్టిన దృశ్యాలు. ఒక బండి లూపులోకి తప్పుకొని మరో బండికి దారి ఇవ్వడమే స్టేషనుకు ప్రాణం గనుక, పాయింట్లు లేని లేఅవుట్లో ఎంత మంచి ఇంజను తిరిగినా అది స్టేషను అనిపించుకోదు. బల్ల కొలత ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. మూడేసి అడుగుల రెండు పలకలను బోల్టులతో కలిపి నిలబెడతాం.

ఎన్ స్కేల్‌లో పట్టాల మధ్య దూరం 9 మి.మీ., నిష్పత్తి ఒకటికి 160. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ. గనుక, నిష్పత్తి ప్రకారం చూస్తే పట్టాల మధ్య సుమారు పదిన్నర మి.మీ. ఉండాలి. అంటే మనం కొనే 9 మి.మీ. పట్టాలు నిజానికి యూరప్, అమెరికాల స్టాండర్డ్ గేజికి సరిపోయేవి. ఈ తేడా కంటికి అంతగా ఆనదు, కానీ భారతీయ రైలును నమూనాగా చేసే ప్రతివారూ తెలుసుకొని ఒప్పుకోవలసిన రాజీ ఇది. పెట్టెల పొడవు మాత్రం నిష్పత్తి ప్రకారమే పెట్టుకోవచ్చు: పెరంబూరులోని పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో తయారైన పాత రకం పెట్టె బఫర్లతో కలిపి 22.3 మీటర్లు కాబట్టి మన బల్ల మీద 139 మి.మీ., డబ్ల్యూఏపీ-7 ఇంజను సుమారు 128 మి.మీ. వస్తాయి. పాయింట్ల ఎంపిక మొత్తం ఈ రెండు అంకెల మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక అసలు లెక్కకు వస్తాను. యూనిట్రాక్‌లో పొడవైన మామూలు తిన్నని ముక్క 248 మి.మీ.; వంపు ముక్కల వ్యాసార్థాలు 249, 282, 315, 348 ఇలా 33 మి.మీ. చొప్పున పెరుగుతూ పోతాయి. జంట లైన్ల మధ్య దూరం 33 మి.మీ. ఉండాలన్న ఉద్దేశంతో చేసిన ఏర్పాటు అది. మేము లోపలి లైనుకు 282, బయటి లైనుకు 315 వాడాం. నంబర్ 4 పాయింటు పొడవు 126 మి.మీ., పక్కకు మళ్ళే దారి వ్యాసార్థం 481 మి.మీ.; నంబర్ 6 పొడవు 186 మి.మీ., మళ్ళే దారి వ్యాసార్థం 718 మి.మీ. రెండింటిలోనూ దారి 15 డిగ్రీలు మళ్ళుతుంది. ఇక్కడే కొనేవారు గమనించవలసిన విషయం ఉంది. 481 మి.మీ. వ్యాసార్థంతో 15 డిగ్రీలు మళ్ళేసరికి బండి పక్కకు 16.4 మి.మీ. జరుగుతుంది, అలాంటి రెండు పాయింట్లను ఎదురెదురుగా కలిపితే దాదాపు 33 మి.మీ. వస్తుంది, అంటే జంట లైన్ల దూరానికి అతికినట్టు సరిపోతుంది. అదే నంబర్ 6 అయితే ఒక్కొక్కటి 24.5 మి.మీ. జరుపుతుంది, రెండూ కలిస్తే 49 మి.మీ.; 282, 315 వంపుల మధ్య వేసిన జంట లైన్లకు అది ఏ విధంగానూ సరిపడదు. పాయింట్లలో నంబరు పెద్దదయ్యేకొద్దీ మేలు అన్నది సాధారణంగా నిజమే అయినా, దాన్ని ఒక్కదాన్నే పట్టుకొని క్రాస్ ఓవర్‌కు రెండు నంబర్ 6 పాయింట్లు కొంటే లైన్ల దూరమంతా మార్చుకోవలసి వస్తుంది.

లూప్ లైను లెక్క ఇంకా కచ్చితమైనది. ఆరడుగుల బల్లలో రెండు వైపులా వంపులు పోగా నాకు మిగిలిన తిన్నని భాగం 248 మి.మీ. ముక్కలు నాలుగు, అంటే 992 మి.మీ. లూపుకు ఒక్కో కొసన పాయింటూ, మళ్ళిన దారిని తిరిగి మెయిన్ లైనుకు సమాంతరం చేసే వంపు ముక్కా కావాలి. నంబర్ 4 తో ఈ జత సుమారు 250 మి.మీ. తింటుంది, రెండు కొసలకూ కలిపి 500 పోగా లూపులో బండి నిలవడానికి 490 మి.మీ. దాకా మిగులుతుంది, అందులో ఒక ఇంజనూ రెండు పెట్టెలూ హాయిగా నిలుస్తాయి. నంబర్ 6 తో ఒక్కో కొసకు 372 మి.మీ. పోతుంది, మిగిలేది 250 మి.మీ. కన్నా తక్కువ, ఇంజను వెనుక ఒక్క పెట్టె కూడా నిలవదు. అందుకే క్రాస్ ఓవర్‌కూ లూపుకూ నంబర్ 4 నే తీసుకున్నాను. పది, పన్నెండు అడుగుల గోడ పొడవునా లేఅవుట్ వేసుకోగలిగిన వారు మాత్రం మెయిన్ లైనులో నంబర్ 6 నే ఎంచుకోవాలని నా సలహా, ఎందుకంటే ఆరు ఇరుసుల పొడవైన ఇంజన్లూ పొడవైన పెట్టెలూ 718 మి.మీ. వంపులో మెత్తగా మళ్ళినంత అందంగా 481 మి.మీ. వంపులో మళ్ళవు.

కొనుగోలు గురించి కొంత చెప్పాలి. బొమ్మలూ స్కేల్ నమూనాలూ ఒకే శీర్షిక కింద వచ్చే ఈ సరుకు మీద కస్టమ్స్ సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం 2020 బడ్జెట్లో 20 శాతం నుంచి 60 శాతానికీ, 2023 బడ్జెట్లో 70 శాతానికీ పెంచింది. ఆ శాతాన్ని వస్తువు ధర మీద మాత్రమే కాక రవాణా ఖర్చూ బీమా కలిపిన విలువ మీద లెక్కగడతారు. ఉదాహరణకు పది వేల రూపాయల సామానుకు రెండు వేలు రవాణా అయితే, 70 శాతం చొప్పున సుంకమే 8,400 రూపాయలు, ఆపైన జీఎస్టీ వేరు. కాబట్టి కావలసినవన్నీ ఒకేసారి, బరువు తగ్గేలా, పనికిరాని అట్టపెట్టెల సెట్లు కాకుండా విడి ముక్కలుగా తెప్పించుకోవడమే తెలివైన పని. మన దేశంలోనే ఉండి దిగుమతి చేసి అమ్మేవారి దగ్గర కొంటే ఈ బాధ్యతంతా వాళ్ళ మీదే ఉంటుంది గనుక, ధర కొంచెం ఎక్కువ అనిపించినా నేను ఆ దారినే మెచ్చుకుంటాను. ఒక విక్రేత మాత్రం ఎడమ పాయింటు అడిగితే కుడి పాయింటు పంపి, మార్చి ఇవ్వడానికి చాలా రోజులు తీసుకున్నాడు. పార్సెల్ విప్పేటప్పుడు పెట్టె మీద రాసిన పేరునే నమ్మకుండా, పాయింటును చేతిలోకి తీసుకొని కదిలే కొస మనవైపు ఉండేలా పట్టుకొని దారి ఎటు మళ్ళుతుందో చూసుకొని, అప్పుడే సరుకు అందినట్టు ఒప్పుకోవడం మంచిది.

పెట్టె తెరిచిన మరుక్షణమే తయారీలోని శ్రద్ధ కనబడుతుంది. పట్టాలు నికెల్ సిల్వర్‌తో చేసినవి. పేరులో వెండి ఉన్నా అందులో రాగి, నికెల్, జింకు మాత్రమే ఉంటాయి. పట్టా ఎత్తు కోడ్ 80, అంటే అంగుళంలో వెయ్యో వంతులు 80, సుమారు 2 మి.మీ. స్లీపర్లూ కంకరా కలిసిన బూడిద రంగు ప్లాస్టిక్ దిమ్మ మీద పట్టా గట్టిగా కూర్చొని ఉంటుంది. పాయింటును తిప్పి అడుగు భాగం చూస్తే మోటారు ఎక్కడా బయటకు పొడుచుకు రాకుండా ఆ దిమ్మలోపలే ఇమిడి ఉండడం, దాని నుంచి ఎరుపు, నలుపు తీగలు రెండు సన్నని గాడిలోంచి బయటికి రావడం కనబడతాయి. ఇదే మా ఇంటికి అన్నిటికన్నా ఉపకరించిన గుణం. బల్ల అడుగున పెద్ద మోటారు బిగించే పద్ధతుల్లో, ఉదాహరణకు నమూనా పట్టాలు చేసే మరో సంస్థ పీకో వారి పీఎల్-10 మోటారుకు, పలకలో పాయింటు కింద కంత కోయాలి, మోటారు కిందికి వేలాడుతుంది. అలాంటి పలకను మంచం కిందికి తోస్తే ఏదో ఒక రోజు తీగ తెగుతుంది. యూనిట్రాక్ పాయింటుకు తీగ పోవడానికి చిన్న రంధ్రం చాలు, పలక అడుగు చదునుగానే ఉంటుంది. దిమ్మ అంచున వేలిగోటితో జరపగలిగే చిన్న మీట ఉంటుంది గనుక, కరెంటు తీగలు ఇంకా కలపకముందే చేత్తో తిప్పుతూ బండిని పరీక్షించుకోవచ్చు.

ఆ అడుగు భాగంలోనే నంబర్ 4 కు మరలు ఉంటాయి, వాటి గురించి కొనేవాళ్ళలో చాలామంది పట్టించుకోరు. పాయింటు ఏ దారికి తిరిగి ఉంటే ఆ దారికే కరెంటు వెళ్ళాలా, లేక రెండు దారులకూ ఎప్పుడూ వెళ్తూ ఉండాలా అన్నది ఈ మరల స్థానంతో నిర్ణయించుకోవచ్చు. నంబర్ 6 లో ఈ ఎంపిక లేదు, తిరిగిన దారికే కరెంటు వెళ్తుంది. మామూలు డీసీ కంట్రోలరుతో నడిపేవారికి మొదటి పద్ధతి గొప్ప సౌకర్యం: లూపులోకి బండిని మళ్ళించి పాయింటును మెయిన్ లైనుకు తిప్పగానే లూపులో కరెంటు ఆగిపోయి, ఆ బండి ఉన్నచోటే నిలిచిపోతుంది, రెండో బండిని అదే కంట్రోలరుతో నడుపుకోవచ్చు. పట్టాల్లో ఎప్పుడూ కరెంటు ఉంచి, ఒక్కో ఇంజనును డిజిటల్ సంకేతాలతో విడిగా నడిపే డీసీసీ పద్ధతి వాడేవారికి లూపులో నిలిచిన ఇంజను దీపాలు కూడా వెలుగుతూ ఉండాలి కాబట్టి వాళ్ళు రెండో పద్ధతికి మార్చుకోవాలి. మరలు మార్చడానికి సన్నని స్క్రూడ్రైవరు కావాలి, పైగా పట్టాలు పలకకు బిగించాక ఈ పని కుదరదు. అమర్చే ముందే చేసి తీరాలి.

తిరిగిన దారికే కరెంటు వెళ్ళే పద్ధతి పెట్టుకున్నవారు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే ఫ్రాగ్ దగ్గర, పాయింటు ఏ వైపు తిరిగితే ఆ వైపుకు తగిన ధ్రువం వస్తుంది. లూపుకు రెండు కొసలా అలాంటి పాయింట్లే ఉన్నప్పుడు ఒక కొస మెయిన్ లైనుకూ మరో కొస లూపుకూ తిరిగి ఉంటే, లోపలి పట్టాలకు రెండు వైపుల నుంచీ వ్యతిరేక ధ్రువాలు వచ్చి షార్ట్ అవుతుంది. అందుకని రెండు పాయింట్ల మధ్య లోపలి పట్టాలలో, అంటే ఫ్రాగుల నుంచి బయలుదేరే పట్టాలలో, కరెంటును దాటనివ్వని అతుకు ముక్కలు, అంటే ఇన్సులేటెడ్ యూనిజాయినర్లు, పెట్టాలి. క్రాస్ ఓవర్‌లో కూడా రెండు పాయింట్లు కలిసే చోట ఇదే నియమం. జాయినర్ మార్చడం సులువైన పనే, పాతదాన్ని లాగి కొత్తదాన్ని నెట్టడమే, కానీ వీటిని ప్రత్యేకంగా ఆర్డరు పెట్టుకోవాలి. పాయింటు ఖరీదు ముందు ఇది లెక్కలోకి రాని సామాను, లేకపోతే మాత్రం పని మొత్తం ఆగిపోతుంది.

మా బావగారు రైల్వేలో సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైనవారు. లూపు పని చూడడానికి వచ్చినప్పుడు ఆయన మొదట చూసింది ఇంజన్లను కాదు, పాయింటు కొసను. కదిలే పట్టా ప్రధాన పట్టాకు పూర్తిగా అంటుకుందా లేదా అని కళ్ళజోడు సవరించుకొని, పాయింటు మధ్య సన్నని కాగితం ముక్క దూర్చి చూశారు. "కొస అంటుకోకపోతే చక్రం రెండు దారులూ వెతుక్కుంటుంది, అక్కడే పట్టా తప్పేది. లూపు రెండు కొసల పాయింట్లూ ఒకే మీటతో తిరిగేలా పెట్టవోయ్, ఒకటి ఇటూ ఒకటి అటూ ఉంటే ఏ సిగ్నల్ ఇస్తావు?" అన్నారు. అసలు స్టేషన్లో ఇంటర్‌లాకింగ్ చేసే పని ఇదే గనుక, ఆ మాట మా పట్టాలకు కూడా అక్షరాలా వర్తిస్తుంది. కాగితం పరీక్షలో కేటో పాయింట్లన్నీ నెగ్గాయి, లోపలి స్ప్రింగు కొసను గట్టిగా పట్టి ఉంచుతుంది. ఆ తరువాత లూపు రెండు కొసలనూ ఒకే స్విచ్చుకు కలిపాను.

స్విచ్చుల సంగతి కొంచెం విపులంగా రాస్తాను, ఎందుకంటే ఖర్చు తగ్గించుకోవడానికి చెన్నైలో ఉన్న మంచి అవకాశం ఇక్కడే ఉంది. కేటో పాయింటు మోటారులో ఉండేది ఒకే కాయిల్. దానికి క్షణకాలం ఒక దిశలో కరెంటు ఇస్తే పాయింటు ఇటు, వ్యతిరేక దిశలో ఇస్తే అటు తిరుగుతుంది. కరెంటు ఆగకుండా వెళ్తూ ఉంటే కాయిల్ కాలిపోతుంది. కేటో వారి సొంత నీలిరంగు స్విచ్చు ఈ క్షణకాలపు కరెంటును తనంతట తానే ఇస్తుంది, పక్కపక్కన ఒకదానికొకటి తగిలించుకోవచ్చు, ప్లగ్గు పెడితే పని పూర్తవుతుంది. తీగల పని అలవాటు లేనివారు నిశ్చింతగా అదే కొనుక్కోవచ్చు. కానీ పాయింట్లు పెరిగేకొద్దీ, సుంకంతో కలిపి ఆ స్విచ్చుల ఖర్చు భారమవుతుంది.

దానికి మారుగా నేను చేసినది చాలా సరళమైన సర్క్యూట్. పాయింటు తీగల్లో ఒకదానికి 2200 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్‌ను వరుసగా కలిపి, ఆ కెపాసిటర్ ప్లస్ కాలును మూడు కాళ్ళ టోగుల్ స్విచ్చు మధ్య కాలుకు తగిలించాలి. స్విచ్చు ఒక పక్క కాలు 12 వోల్టుల డీసీ ప్లస్‌కు, రెండో పక్క కాలు మైనస్‌కు, పాయింటు రెండో తీగ కూడా మైనస్‌కు వెళ్తాయి. స్విచ్చును ప్లస్ వైపు వేస్తే కెపాసిటర్ నిండే వరకూ కాయిల్‌లో కరెంటు ప్రవహించి ఆగిపోతుంది. మైనస్ వైపు వేస్తే నిండిన కెపాసిటర్ ఖాళీ అవుతూ అదే కాయిల్‌లో వ్యతిరేక దిశలో కరెంటు పంపుతుంది. స్విచ్చును ఎంతసేపు ఏ వైపు వదిలేసినా కాయిల్‌కు ప్రమాదం లేదు, పైగా టోగుల్ ఎటు వాలి ఉందో చూస్తే పాయింటు ఎటు తిరిగి ఉందో తెలిసిపోతుంది. లూపు రెండు కొసలకు రెండు కెపాసిటర్లు విడివిడిగా పెట్టి, స్విచ్చు మాత్రం ఒకటే వాడాను.

ఈ సామానంతా రిచీ వీధిలో దొరుకుతుంది. మౌంట్ రోడ్డుకూ చింతాద్రిపేటకూ మధ్య ఉన్న రిచీ వీధి, దాన్ని ఆనుకొని ఉన్న నరసింగపురం వీధి, మీరాన్ సాహిబ్ వీధి, వాలర్స్ రోడ్డు కలిసి ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ బజారు. చింతాద్రిపేట ఎమ్మార్టీఎస్ స్టేషన్లో దిగి నడిచి వెళ్ళవచ్చు. నేను వెళ్ళిన దుకాణం ఇద్దరు నిలబడితే నిండిపోయేంత చిన్నది, గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. నేను ఫోన్లో ఇంటికి తెలుగులో మాట్లాడడం విని, కౌంటర్లోని పెద్దాయన "టోగుల్ మధ్యలో ఆగేది కావాలా సార్, ఆగనిదా?" అని తెలుగులోనే అడిగారు. ఈ సర్క్యూట్‌కు మధ్యలో ఆగనిదే కావాలి. ఆయన ఆ ప్రశ్న అడగకుండా చేతికి దొరికినది ఇచ్చి ఉంటే, టోగుల్ మధ్యలో ఆగినప్పుడు పాయింటు ఎటు తిరిగి ఉందో తెలిసేది కాదు. నేను కాగితం మీద గీసిన సర్క్యూట్ చూసి, కెపాసిటర్ 16 వోల్టులది చాలునా అంటే, 12 వోల్టుల సప్లై మీద 25 వోల్టులదే వాడండి, తేడా రూపాయల్లోనే అన్నారు. కొనేవాడికి పని జరగాలన్న ఆ శ్రద్ధ మెచ్చుకోదగినది. విడి భాగాల విషయంలో ఆన్‌లైన్ కన్నా ఈ బజారుకే నా ఓటు. చేత్తో పట్టుకొని టోగుల్ బిగువు చూసుకొని కొనవచ్చు.

విద్యుత్ సప్లై గురించి ఒక హెచ్చరిక. జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు, అమెరికాలో 120, మన దగ్గర 230. బయటి దేశం నుంచి తెచ్చిన పవర్ ప్యాక్ అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టుల వరకు అని అచ్చువేసి ఉంటేనే నేరుగా మన సాకెట్లో పెట్టాలి, లేకపోతే తగిన ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే. పాయింట్లకు వేరుగా 12 వోల్టుల అడాప్టరు పెట్టడం మంచిది. అప్పుడు పాయింటు తిరిగిన క్షణంలో బండి వేగం తొట్రుపడదు.

పట్టాలకు కరెంటు అందించే తీగలను టర్మినల్ యూనిజాయినర్ల ద్వారా కలిపాను. యూనిజాయినర్లు గట్టిగానే పట్టుకుంటాయి, అయినా ప్రతి అతుకూ కొంత కరెంటును తగ్గిస్తుంది కాబట్టి నాలుగు మీటర్ల లైనుకు ఒకే చోట తీగ ఇస్తే అవతలి కొసన ఇంజను నెమ్మదిస్తుంది. పలక అడుగున ఒక చదరపు మి.మీ. మందం గల ఇంటి వైరును ఎరుపు, నలుపు జంటగా పరిచి, దాని నుంచి ప్రతి మీటరుకు ఒక జత పైకి తెచ్చాను. రెండు పలకలు కలిసే చోట ప్లగ్గు పెట్టాను. ఇప్పుడు ఇంజను లైను పొడవునా ఒకే వేగంతో పోతుంది.

చెన్నై వాతావరణానికి సరిపడే ఏర్పాట్లు విడిగా చెప్పుకోవాలి. సముద్రపు గాలిలోని తేమకు మామూలు ప్లైవుడ్ వంపు తిరుగుతుంది, పలక వంగితే అతుకుల దగ్గర పట్టాలు ఎగుడుదిగుడవుతాయి. ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ 12 మి.మీ. తీసుకొని, కోసిన అంచులకూ తీగల రంధ్రాలకూ వార్నిష్ పట్టించి, అడుగున చెక్క చట్రం బిగించాను. ఎండ సంగతి ఇంకొకటి. నికెల్ సిల్వర్ పట్టా మీటరుకు, ప్రతి పది డిగ్రీల వేడికి సుమారు 0.16 మి.మీ. సాగుతుంది, ఏసీ గదిలో బిగించిన నాలుగు మీటర్ల లైను, ఏసీ లేని మే నెల మధ్యాహ్నం పదిహేను డిగ్రీలు వేడెక్కితే మొత్తం మీద ఒక మి.మీ. దాకా పెరుగుతుంది. పొడవుగా వంచి వేసే ఫ్లెక్సీ పట్టాలను సందు వదలకుండా అతికితే ఆ ఒక్క మిల్లీమీటరే పట్టాను పక్కకు ఉబ్బేలా చేస్తుంది. యూనిట్రాక్‌లో అతుకులు ఎక్కువ కాబట్టి ఆ పెరుగుదల వాటి మధ్య పంచుకుపోతుంది. పలకలు కలిసే చోట 78 నుంచి 108 మి.మీ. దాకా సాగే విస్తరణ ముక్క వాడడం వల్ల అక్కడ కూడా ఇబ్బంది లేదు. విడదీసి కలిపే లేఅవుట్‌కు ఆ ముక్క తప్పనిసరి అంటాను. పట్టాలను తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు గుడ్డకు పట్టించి వాడుతున్నాను, వంటగదికి దూరంగా, కిటికీ తెరిచి పెట్టి. ఉప్పు కాగితంతో రుద్దడం మాత్రం వద్దు, గీతలు పడ్డ పట్టా మరింత మురికి పడుతుంది.

లోపాలు లేవని చెప్పను. ప్లాస్టిక్ దిమ్మ లోపల బోలు కావడం వల్ల, ప్లైవుడ్ మీద నేరుగా పెడితే బండి వెళ్ళేటప్పుడు డప్పు మీద వేళ్ళు ఆడించినట్టు చప్పుడు వస్తుంది. కింద 3 మి.మీ. ఫోమ్ షీటు పరిస్తే చాలావరకు తగ్గుతుంది. వంపులు తయారీదారు నిర్ణయించిన కొలతల్లోనే దొరుకుతాయి, మనకు నచ్చిన మెలికలు తిప్పుకోలేం. దిమ్మ రంగు మన గ్రానైటు కంకరకు దగ్గరగానే ఉన్నా కొత్తలో బొమ్మ మెరుపు మెరుస్తుంది. గోధుమ రంగు యాక్రిలిక్‌ను నీళ్ళలో బాగా పలుచన చేసి పూస్తే ఆ మెరుపు పోయి, స్టేషను దగ్గర నూనె మరకలు పడ్డ లైనులా కనబడుతుంది. అసలు కంకర చల్లి ఫెవికాల్ నీళ్ళు పోసేవారు పాయింటు కదిలే భాగాలకు ఒక అంగుళం దూరంలోనే ఆపాలి, ఒక్క చుక్క లోపలికి దిగినా ఆ పాయింటు మళ్ళీ కదలదు.

ఒకే చోట శాశ్వతంగా గది కేటాయించి, గోడ పొడవునా లేఅవుట్ వేసుకునేవారికి నేను యూనిట్రాక్‌ను సిఫారసు చేయను. అలాంటి వారికి 914 మి.మీ. పొడవున వచ్చే పీకో ఫ్లెక్సీ పట్టాలు, అందులోనూ ఎన్ స్కేల్ కోడ్ 55 రకం, చూపుకు సన్నగా, నిజమైన పట్టాకు దగ్గరగా ఉంటాయి. మీటరు లెక్కన ఖర్చు కూడా తక్కువ. వంపు మనకు కావలసినట్టు తిప్పుకోవచ్చు, కోయడం, అతకడం నేర్చుకునే ఓపిక మాత్రం ఉండాలి. అద్దె ఇళ్ళలో, చిన్న గదుల్లో, పిల్లలతో కలిసి బల్ల దించి ఎత్తి నడుపుకునేవారు యూనిట్రాక్ తీసుకోండి. మొదటి ఆర్డరులోనే పాయింట్లతో పాటు ఇన్సులేటెడ్ జాయినర్లు, టర్మినల్ జాయినర్లు, ఒక విస్తరణ ముక్క, అదనంగా మామూలు జాయినర్ల పొట్లం ఒకటి చేర్చండి. మేము ఈసారి లోపలి లైనుకు ఇంకో నంబర్ 4 ఎడమ పాయింటు తెప్పించి, గూడ్సు షెడ్డుకు ఒక సైడింగు వేయబోతున్నాం. దాని స్విచ్చుకు కావలసిన టోగుల్, కెపాసిటర్ రిచీ వీధి నుంచి తెచ్చిన పొట్లంలోనే ఉన్నాయి.